కొట్టంలో ఎవరూ ఉండరు

12 మార్చి 1955

మళ్ళీ ఖాళీ పేజీలు. బయటున్న మూడు రోజులూ డైరీ ముట్టుకోకూడదు. పుస్తకం సరస్వతి అంటుంది అమ్మ. అనంతపురం హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఆ మూడు రోజుల్లో కూడా సరస్వతిని చంకన పెట్టుకునే క్లాసుకు పోయాను. బి.ఏ. సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఆ రోజుల్లో పుస్తకాలు ముట్టిన సంగతి అమ్మకు చెప్పలేదు. నిన్న తలకు పోసుకుని ఇంట్లోకొచ్చా.

ఈ పొద్దు ప్రొద్దుటూరు నుంచి ఇన్సూరెన్స్ ఏజెంటు శ్రీనివాసులు వచ్చాడు. తెల్ల ప్యాంటు, తోలు సంచి, వీపంతా చెమట. ఈ ఏడు పత్తి నాయన ఇంకా అమ్మలేదు. ధర ఎక్కుతుందని రేకుల కొట్టంలో గోనె బోరేలకెత్తి పెట్టాడు. పోయినేడు పక్క ఊళ్ళో ఒకాయన పత్తి నిలువునా కాలిపోయినప్పటి నుంచీ నాయనకు కంటి మీద కునుకు లేదు. అందుకే కబురంపాడు.

ఏజెంటు మిద్దె గోడ నుంచి కొట్టం గోడ దాకా టేపు పెట్టి కొలిచాడు. రెండో కొస లేవి పట్టుకున్నాడు. లేవి మా జీతగాడు, కొట్టం కాపలా కూడా వాడే. కొట్టం ఇంటికి అంటుకుని ఉంటే ప్రీమియం ఎక్కువంట. విడిగా ఉంటే తక్కువంట. డిటాచ్డ్, డిటాచ్డ్ అని శ్రీనివాసులు ఆ మాటను బెల్లం ముక్క చప్పరించినట్టు అంటూనే ఉన్నాడు.

ఫారం ఇంగ్లీషులో ఉంది. అన్న ఎస్సెల్సీతో ఆగిపోయాడు కాబట్టి నన్ను పిలిచారు. వాకిట్లో మగవాళ్ళ మధ్య నాకు కుర్చీ వేశారు. అదొక వింత. గోడలు దేనివి, కప్పు దేనిది, లోపల ఏం సరుకు, అన్నీ రాశాను. ఎవరైనా అందులో నివసిస్తున్నారా అని ఒక ప్రశ్న. దాంట్లో ఎవరుంటారన్నాడు నాయన. ఎలకలుండాయి, వాటికీ ఒక పాలసీ తీసుకుందామా అన్నాడు అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నో అని రాశాను. రాత్రిపూట దీపం, పొయ్యి, చుట్టా బీడీ? లేవి బాప్తీస్మం తీసుకున్న నాడే బీడీ మానేశాడు. పడుకునేది బయట బండ మీద. దానికీ నో.

ఈ రెండిట్లో ఏది తప్పయినా పాలసీ చెల్లదంట. ఏజెంటు వేలు పెట్టి చూపించాడు. నా రైటింగ్ ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు.

పత్తి మంచి ధరకు పోతే జూన్లో నన్ను మద్రాసుకు, టీచరు ట్రైనింగుకు, బి.టి. చదవడానికి పంపుతానన్నాడు నాయన. ఏజెంటు ముందే అన్నాడు. ఇక మాట తప్పలేడు.


3 ఏప్రిల్

పాలసీ వచ్చింది. నాయన దానికి పసుపు పెట్టి దేవుని గూట్లో పెట్టాడు. ఇప్పుడు దేవుడికి తోడొకరు.


19 ఏప్రిల్, పొద్దున

కడపకు పోతున్నా. సర్టిఫికెట్ల నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. రెండు రోజులు పిన్ని వాళ్ళింట్లో. పోతున్నది కడపకే అయినా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఈ ఊళ్ళో ఎండ కూడా పనిలేక నిలబడి చూస్తున్నట్టుంటుంది.

వదిన ఈ పొద్దు బయట చేరింది. కొట్టం వెనక తడికల పంచలో చాప దులుపుకుంటోంది. పక్కన చెంబు, సత్తు పళ్ళెం, కిరసనాయిలు బుడ్డి. బుడ్డి లేకపోతే తేళ్ళతో కాపురమే. దూరం నుంచే చెయ్యూపి, నీలం గాజులు మర్చిపోవద్దంది. మద్రాసు చేరితే నన్ను మర్చిపోవద్దని కూడా అంది. ఎప్పుడూ రెండో మాటే ఆమె అసలు మాట.

బస్సు మోత వినబడుతోంది.


21 ఏప్రిల్, సాయంత్రం

బస్సు దిగగానే వాసన. పత్తి కాలితే వెంట్రుకలు కాలిన వాసన రాదు, పాత బట్టల మూట కాలినట్టుంటుంది. కొట్టం లేదు. మొండి గోడలున్నాయి. రేకులు ముడుచుకుపోయి అప్పడాల్లా పడి ఉన్నాయి. లోపల ఇంకా పొగ.

నిన్న దీపాలు పెట్టే వేళ అంటుకుందంట. నాయనా అన్నా జమ్మలమడుగులో ఉన్నారు. ఊరంతా బిందెలు మోసినా ఏమీ మిగల్లేదు. ఎద్దుల్ని మాత్రం తప్పించారు. నాయన అరుగు మీద కూర్చుని నా సర్టిఫికెట్ల సంగతి అడిగాడు. దానికే నాకు భయమేసింది.

వదినకు జ్వరమన్నారు. గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. ఎడమ చెయ్యి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది. గంజి ఒలికిందంది అమ్మ.

గాజులు ఆమె తలగడ దగ్గర పెట్టొచ్చా.


21 ఏప్రిల్, మళ్ళీ

వదిన బయట చేరింది మొన్న. రేపు పొద్దున తలకు పోసుకోవాలి. ఈ పొద్దు ఇంట్లో, మంచం మీద, దేవుని గూటికి అవతలి గోడ పక్కన ఎట్లా ఉంది? నేను గడప మీద చెయ్యి పెడితేనే నీళ్ళు చల్లే అమ్మ ఒక్క మాట అనలేదు. ఎవరూ అనలేదు.


22 ఏప్రిల్

లేవిని పోలీసులు తీసుకుపోయారు.

కంప్లైంట్ ఇచ్చింది అన్న. సంక్రాంతి ముందు ఎద్దు కాలు విరిగినప్పుడు అన్న లేవిని చర్నాకోలతో కొట్టాడు. ఆ పగ పెట్టుకుని అంటించాడంట. రుజువు కావాలా, వాడి చేతులు చూడండి అన్నాడంట ఎస్సైతో. లేవి రెండు చేతులూ మణికట్ల దాకా బొబ్బలెక్కి ఉన్నాయి. ఎట్లా కాలాయిరా అంటే నోరు విప్పలేదంట. విప్పలేదు కాబట్టి వాడే.

బయటివాడు అంటించి ఉంటే క్లెయిమ్ వస్తుంది. ఇంటివాళ్ళ దీపం వల్ల అయితే రాదు. శ్రీనివాసులు నిన్న రాత్రి సైకిలు మీద వచ్చి ఈ ముక్క చెప్పి పోయాడని అమ్మ చెప్తే తెలిసింది.

ఎవరైనా ఉంటారా అంటే నో అని రాసింది నేను. అది రాసే ముందు రోజు దాకా ఆ కొట్టం పంచలోనే పడుకుని, అందులోనే తిని, ఆ బుడ్డి వెలుగులోనే గోడ మీద బల్లుల్ని చూస్తూ కూర్చున్న నేను. నాయన అబద్ధం చెప్పలేదు. అన్న కూడా. నేనూ చెప్పలేదు. ఎవరికీ తట్టలేదు, అంతే. బి.ఏ. చదివిన నాకు కూడా.


23 ఏప్రిల్

జీవమ్మ పొద్దున్నుంచీ మా వాకిలికి ఎదురుగా చింతచెట్టు కింద కూర్చుని ఉంది. లేవి పెళ్ళాం. ఏడవడం లేదు, తిట్టడం లేదు. అన్న బయటికి పోయినప్పుడు లేచి నిలబడుతుంది. అన్న లోపలికొచ్చినప్పుడు లేచి నిలబడుతుంది. మధ్యాహ్నం నుంచి అన్న పెరటి దారిన తిరుగుతున్నాడు.


25 ఏప్రిల్

వదిన గుడ్డ మారుస్తానన్నాను. అమ్మ దొడ్లో ఉంది. కలబంద గుజ్జు రాస్తుంటే మోచేతి మీద, కాలని చోట, నల్లగా కమిలిన గుర్తులు కనబడ్డాయి. వేళ్ళ గుర్తులు. ఎవరో బలంగా పట్టుకుని లాగినవి. గంజి అట్లా పట్టుకోదు.

అడిగాను. గాజుల వైపు చూసింది. తర్వాత చెప్పింది. పందికొక్కు ఉరికి బుడ్డి తన్నేసింది. తడిక అంటుకుంది. తడిక అవతల పత్తి. పంచ వాకిలికే మంట అడ్డమొచ్చింది. వెనక తడికను బయటి నుంచి ఎవరో చేతులతో పీకారు. మండుతున్న తడికను. లోపలికి చెయ్యి పెట్టి ఆమెను పట్టి ఈడ్చారు.

లేవి.

"వాడు నన్ను ముట్టుకున్నాడని తెలిస్తే మీ అన్న నన్ను ఏలుకోడు, సుబద్రా. అదీ ఆ దినాల్లో. వాన్ని బతకనియ్యడు. ఎవురికీ చెప్పగాకు." చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. కాలిన చేతి మీదే వేయించుకుంది.

అన్నకు తెలిసింది సగమే. పెళ్ళాం పంచలో ఉందనీ, తనే బయటపడిందనీ తెలుసు. ఆ సగం దాచడానికి మనిషిని లోపల వేశాడు. మిగతా సగం తెలిస్తే చర్నాకోలతో ఆగడు.


27 ఏప్రిల్

నాయనతో మాట్లాడాను. వదిన పేరెత్తకుండా, చుట్టు తిప్పి. పంచలో ఆడవాళ్ళం ఉంటాం కదా, దీపం ఉంటుంది కదా, ఆ ముక్క కంపెనీకి రాద్దామన్నాను. నాయనకు కోపం రాలేదు, సిగ్గొచ్చింది. తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. ఆడోళ్ళు బయట కూర్చునేది కాపురముండటం ఎట్లయితాదన్నాడు. అది ఎవరికైనా చెప్పుకునే మాటేనా అన్నాడు. మరి లేవి అన్నాను. క్లెయిమ్ చేతికి రానీ, కేసు వాపసు తీసుకుందాం, వానికి ఎకరం గుత్తకిద్దామన్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు. అదే కష్టం.

లేచి పోతూ, నీ మద్రాసు కూడా దాంట్లోనే ఉండాదమ్మా అన్నాడు. బెదిరింపు కాదు. బతిమాలినట్టు.

ఆ మాట మోసుకుని పొద్దంతా తిరిగాను. అవును, నాకు మద్రాసు కావాలి. ఎంత కావాలంటే, ఒక క్షణం లేవి నిజంగానే అంటించి ఉంటే బాగుండుననిపించింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నా.


30 ఏప్రిల్

పోస్టాఫీసు పనుందని చెప్పి జమ్మలమడుగు పోయాను. స్టేషన్ బయట జీవమ్మ ఉంది, అన్నం గిన్నెతో. నన్ను చూసి పక్కకు జరిగింది. చదువుకున్న ఆడమనిషిని చూస్తే హెడ్ కానిస్టేబుల్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. కాసేపు మాట్లాడనిచ్చాడు.

లేవి చేతులు ఒళ్ళో పైకి తిప్పి పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో సున్నపుతేట రాశారు. అన్నం జీవమ్మ కలిపి కమ్మీల సందున నోట్లో పెడుతుందంట. ఎందుకు చెప్పవు అనబోయాను. నన్ను పూర్తి చెయ్యనియ్యలేదు. నాకేం తెల్దు పాపమ్మా, మీరీడికి రాగూడదు, ఇంటికి పోండి అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు.

నేను తిరిగి నాలుగడుగులు వేశాక, వెనక నుంచి, చాలా మెల్లగా:

"కోడలమ్మకు చెయ్యి మానిందా?"

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నా.


7 మే

మళ్ళీ ఖాళీ. ఈసారి కొట్టం లేదు కాబట్టి నన్ను పెరట్లో గడ్డివామి చాటున కూర్చోబెట్టారు. నెత్తిన గోనెపట్ట. వడగాలి. నిన్న తలకు పోసుకున్నా.

ఎల్లుండి లేవిని మళ్ళీ మేజిస్ట్రేటు ముందుకు తీసుకుపోతారంట. తర్వాత కడప జైలు. అన్నకు ఈ మధ్య ఆకలి బాగా వేస్తోంది, గట్టిగా మాట్లాడుతున్నాడు. భయపడేవాళ్ళు అట్లాగే తింటారు.


9 మే

లేవి కేసు పదిహేనో తేదీకి వాయిదా వేశారు. పన్నెండున మద్రాసు నుంచి కంపెనీ సర్వేయర్ వస్తున్నాడు. ఎస్సై కూడా వస్తాడు. అంతదాకా బూడిదలో ఎవరూ అడుగు పెట్టకూడదని శ్రీనివాసులు రాశాడు.

రాత్రి అన్నాలప్పుడు అన్న అందరికీ నేర్పించాడు. సర్వేయర్ అడిగితే, కొట్టంలో ఎవరూ ఉండరు. దీపం ఉండదు. నాయన తల ఊపాడు. అమ్మ మజ్జిగ పోస్తూ ఉండిపోయింది. అన్న నా వైపు చూసి, ఇంగ్లీషులో ఏమంటారు అని అడిగాడు. నో అంటారు అన్నాను.

చెబితే వదిన పోతుంది. చెప్పకపోతే లేవి పోతాడు. నోటితో చెయ్యగలిగింది ఏదీ లేదు.

నోటితో.


11 మే

రేపు బయట చేరతాను. డైరీ పెట్టెలో పెట్టేస్తున్నా.


15 మే

తలకు పోసుకున్నా. వారం పదిరోజుల్లో రెండోసారి. తడి జుట్టుతోనే రాస్తున్నా, పేజీ మీద చుక్కలు పడుతున్నాయి.

పన్నెండో తేదీ పొద్దున్నే చాప, చెంబు, సత్తు పళ్ళెం తీసుకున్నా. పెరటి గూట్లో ఉన్న పాత బుడ్డి కూడా. అమ్మ వాకిట్లో కల్లాపి చల్లుతోంది. దూరమున్నానమ్మా అన్నాను. అమ్మ చెయ్యి ఆగింది. ఇంట్లో అందరి తేదీలూ అమ్మ తలలో ఉంటాయి. మొన్నమొన్ననే కదా నాకు తలంటింది. నా ముఖం చూసింది, చేతిలో బుడ్డి చూసింది. మళ్ళీ చల్లడం మొదలుపెట్టింది.

నేను గడ్డివామి దగ్గరికి పోలేదు. బూడిద తొక్కుకుంటూ పోయి, పంచ ఉండిన చోట, కాలిన తడిక మోళ్ళ మధ్య చాప పరుచుకుని కూర్చున్నా. బుడ్డి వెలిగించి రాయి మీద పెట్టా. పట్టపగలు.

జీపు వచ్చింది. సర్వేయర్ పెద్దాయన, తల మీద టోపీ, చేతికర్ర. వెనక ఎస్సై, శ్రీనివాసులు, నాయన, అన్న. అన్న నన్ను ముందు చూశాడు. రక్తమంతా ముఖంలోకి వచ్చింది. నన్ను రెక్క పట్టి ఈడ్చుకురమ్మని పెరటి గడపలో ఉన్న అమ్మతో పళ్ళ మధ్య నుంచి అన్నాడు. అమ్మ ఆ మాటకు మెల్లగా జవాబివ్వలేదు. జీపు డ్రైవరుకు కూడా వినబడేట్టు అంది:

"బయటుండాది నాయనా. ఎవురు ముట్టుకుంటారు?"

శ్రీనివాసులు గబగబా వెనక్కి జరిగాడు. ఎస్సై తల తిప్పుకుని చింతచెట్టును పరీక్షించసాగాడు. నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అంతమంది మగవాళ్ళను నేను చాప మీద కూర్చుని, వేలెత్తకుండా, అంత దూరాన నిలబెట్టాను. నవ్వొచ్చింది. 

సర్వేయర్ ఒక్కడే దగ్గరికి వచ్చాడు. ఇక్కడేం చేస్తున్నావమ్మా అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆ మాట నాయన ముందు తెలుగులో నా గొంతు దాటదు. ఇంగ్లీషులో దాటింది. మా ఇంటి ఆడవాళ్ళందరం నెలకు మూడు రోజులు ఇక్కడే ఉంటాం సార్, రాత్రిపూట ఇదుగో ఈ దీపం, తడిక అవతల పత్తి అన్నాను. ఫారంలో నో అని రాసింది నా చెయ్యేనని కూడా చెప్పాను. ఆయన బుడ్డి వైపు చూశాడు. నిప్పంటుకున్న రోజు ఎవరున్నారు అన్నాడు.

అది నేను ఆలోచించుకోలేదు. అన్ని రాత్రులు ఆలోచించి ఆ ఒక్కటీ వదిలేశాను. నేను ఆ రోజు కడపలో ఉన్నానన్నాను.  ఇంట్లో మిగిలేది ఎవరో లెక్క పెట్టడానికి బి.ఏ. అక్కర్లేదు. గది కిటికీ రెక్క మెల్లగా మూసుకోవడం కనబడింది.

శ్రీనివాసులు ఆ ప్రశ్నను తెలుగులో నాయనకు చెప్పాడు, దూరం నుంచే. నాయన నోరు తెరవకముందే అమ్మ గడప దిగింది.

"ఆ పొద్దు బయటుండింది నేనే. పందికొక్కు బుడ్డి తన్నింది. నేను వాకిట్లోంచే ఉరికొస్తి. లేవి మంట ఆర్పబోయి చేతులు కాల్చుకునె. వాని తప్పేమీ లేదు, రాసుకోండి."

అమ్మకు ముట్లుడిగి మూడేళ్ళయింది. అది నాకు తెలుసు, నాయనకు తెలుసు, అన్నకు తెలుసు. ముగ్గురిలో ఎవరూ ఆ మాట పైకి అనలేరు. అమ్మకు అది తెలుసు.

పందికొక్కు సంగతి అమ్మకు చెప్పలేదని వదిన తర్వాత నాతో ఒట్టేసి మరీ అంది. అంటే అమ్మ ఆ సాయంత్రం పెరటి గడప దగ్గరే ఉంది. అంతా చూసింది. చేతులు చేతుల్ని పట్టుకోవడం కూడా.

ఎస్సై చింతచెట్టు వైపు చూస్తూనే రాసుకున్నాడు.

మధ్యాహ్నం అమ్మ అన్నం తెచ్చి దూరంగా పెట్టింది. మిగతా రెండు రోజులూ పెట్టింది. పద్ధతి తప్పలేదు.


24 మే

క్లెయిమ్ చెల్లదని కంపెనీ రాసింది. నాయన దేవుని గూట్లోంచి పాలసీ తీసేశాడు. గోడకు పసుపు మరక మిగిలింది. మద్రాసు మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు. రాత్రి సర్టిఫికెట్లు ఒకసారి తీసి చూసి మళ్ళీ పెట్టేశా. ఏడ్చాను కూడా, రాయకపోతే అబద్ధమవుతుంది.

అన్న నాతో మాట్లాడడు. అమ్మతో మాట్లాడతాడు కానీ కళ్ళలోకి చూడడు. వదిన నీలం గాజులు కుడిచేతికి వేసుకుంది.

లేవిని నిన్న వదిలేశారు. ఈ పొద్దు జీవమ్మతో వచ్చాడు, బండ మీద మర్చిపోయిన కంబళి కోసం. పులివెందుల దిక్కు ముగ్గురాయి గనులకు పోతున్నారంట. నాయన ఎకరం సంగతి ఎత్తాడు. వద్దులే సామీ అన్నాడు. వదిన పెరటి గడపలోకి వచ్చి నిలబడింది. లేవి ఆమె చేతి వైపు ఒక్కసారి చూసి, కంబళి భుజాన వేసుకున్నాడు. వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు. ఆ చేతులతో రాయి కొడతాడు.

జీవమ్మ నా ముందు ఒక్క క్షణం ఆగింది. ఏమైనా అంటుందేమోనని చూశా.  చింతచెట్టు కింద తను వేసుకున్న గోనెపట్ట మడిచి తీసుకుని పోయింది.


31 మే, మధ్యాహ్నం

ఈసారి నిజం.

కొత్త కొట్టం వెయ్యలేదు. గడ్డివామి అయిపోయింది. యాడ కూర్చోవాలమ్మా అని అడిగాను. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు. చాటను కొంచెం జరిపి నా కాళ్ళకు దారి ఇచ్చింది.

గదిలో కిటికీ పక్కన ఉన్నా. డైరీ నా ఒళ్ళో ఉంది.